మోగిందని చెప్పిన రాయి

మా పూజ అలమర కింది అరలో, సాంబ్రాణి పొట్లాల వెనక, నేను ఎన్నడూ తెరవని స్టీలు డబ్బా ఒకటి ఉంది. తెరవకపోవడానికి కారణం పెద్దగా ఏమీ లేదు, అది మా అత్తయ్యది, అంతే. ఆక్లాండ్ శివార్లలో, టకానినిలో ఈ ఇల్లు కొనుక్కుని వచ్చినప్పుడు పూజ సామానంతా ఆవిడే సర్దింది, మమ్మల్ని వేలు పెట్టనివ్వలేదు. ఆవిడ తెనాలిలో పోయి ఏడాది దాటింది. మొన్న ఆదివారం అలమర కడుగుదామని సామాను కిందికి దించితే ఆ డబ్బాలో ఏదో గలగలమంది. మూత బిగుసుకుపోయి ఉంటే మా ఆయన సురేంద్ర స్క్రూడ్రైవర్ పెట్టి లేపాడు. లోపల పసుపు గుడ్డ మూట, దాని నేతలోంచి రాలిన బూడిదరంగు పొడి, రెండు మూడు పెళ్ళలు. మా పాప తొంగి చూసి "ఇట్స్ జస్ట్ మడ్, అమ్మా" అని తన పనిమీద తను పోయింది. నేను మాత్రం మూట విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని నేలమీద చతికిలబడ్డాను. విప్పకుండానే అదేమిటో తెలిసిపోయింది. అది నా పెళ్ళిలో నా కాలి కింద పగిలిన సన్నికల్లు. అది సముద్రంలో ఉందని అనుకుంటున్నాను ఇన్నేళ్ళూ. సముద్రంలో రాయి, అత్తయ్య మనసులో నా తప్పు, రెండూ ఎక్కడివక్కడ పడి ఉన్నాయని నమ్ముతూ వచ్చాను.

అప్పుడు నేను మౌంట్ ఆల్బర్ట్‌లో ఈశ్వరమ్మ ఆంటీ వాళ్ళింట్లో ఒక గదిలో ఉండేదాన్ని. చదువుకోవడానికి వచ్చి, చదువైపోయి, చిన్న ఉద్యోగంలో చేరి కూడా ఫ్లాట్ వెతుక్కోకుండా అక్కడే పాతుకుపోయాను. ఆంటీది నంద్యాల. ఇండియన్ షాపులో జొన్నపిండి దొరికిందంటే ఆ సాయంత్రం రొట్టెలు తప్పవు. పెనం వేడెక్కగానే హాల్లో పొగ అలారం కీచుమని అరిచేది. అంకుల్ చూస్తున్న పేపరు మడిచి, కుర్చీ ఎక్కి, దాని కింద తువ్వాలు ఊపుతూ నిలబడేవాడు. "ఇంగ ఎన్ని ఉండాయే?" అని అక్కడినుంచే కేక. "నాలుగుండాయి, నిలబడు" అని వంటింట్లోంచి ఆంటీ. ఆ పొగ, మాడిన పిండి, పక్కనే ఎండుమిరపకాయలు వేగుతున్న ఘాటు నా గదిలోకి వచ్చి దుప్పట్లలో చేరేవి. మర్నాడు ఆఫీసులో నా కోటు వాసన నాకే తెలిసేది. అప్పట్లో దానికి సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో పొగపీల్చే యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఏం వండామో పడగ్గదికి తెలియనే తెలియదు. ఇది మెరుగో కాదో నేను చెప్పలేను.

ఆ ఇంటి పెరట్లో నడుమెత్తు గోడ ఒకటి ఉండేది, నల్లటి రాళ్ళు పేర్చి కట్టింది. ఆ చుట్టుపక్కల ఏ ఇంటి ముందు చూసినా అదే రాయి. ఎప్పుడో కొండ పేలి, కాగిన రాయి పారి వచ్చి చల్లారితే ఏర్పడిందని అంకుల్ చెప్పేవాడు. ఒళ్ళంతా చిల్లులు. నాకు ఆ రాయి మొదటినుంచీ నచ్చలేదు. మాది బేతంచర్ల. బండల ఊరు. మా నాయన నాపరాయి కోసే మిషను దగ్గర పనిచేసేవాడు. గనిలో రాయి దొంతర దొంతరలుగా పరుచుకుని ఉంటుంది, గునపం మొన సందులో పెట్టి లేపితే పలక పలకగా వచ్చేస్తుంది. మా ఇంట్లో నేల బండలే, అరుగు బండలే, దొడ్లో గోడ కూడా బండలు నిలువునా పాతిందే. ఎండాకాలం మధ్యాహ్నం అమ్మ నీళ్ళు చల్లి తుడిచాక ఆ తడి బండ మీద చెంప ఆనించి పడుకుంటే వచ్చే వాసన, చల్లదనం నాకు ఏ దేశంలోనూ దొరకలేదు. కాబట్టి నా లెక్కలో మంచి రాయంటే నున్నగా, పలకగా, పొరలుగా ఉండేది. నాయన ప్రతి బండనీ మడిచిన వేలితో కొట్టి చెవి ఒగ్గేవాడు. ఖంగుమంటే మంచిది. బద్దుమంటే లోపల పగులుందని పక్కకు పెట్టేవాడు. నేనూ చిన్నప్పటినుంచి ఇంట్లో కుండలూ తలుపులూ అట్లాగే కొట్టి చూస్తుండేదాన్ని. ఆ చదువు నాకు వచ్చేసిందని నమ్మకం.

సురేంద్రతో పెళ్ళి అనుకున్నాక వాళ్ళమ్మ తెనాలినుంచి వచ్చింది. మా అమ్మానాయనలకు వీసా సమయానికి అందలేదు. కన్యాదానం ఆంటీ అంకుల్ చేసేటట్టు, మావాళ్ళు ఫోన్‌లో చూసేటట్టు ఏర్పాటైంది. అత్తయ్య సన్నగా, నిటారుగా, మాట్లాడితే ముత్యం రాలుతుందేమో అన్నట్టుండే మనిషి. కొడుకు తనంతట తను చూసుకున్న పిల్ల, అదీ ఎక్కడో సీమపిల్ల అని ఆవిడకు మనసులో ఉందని నేను గట్టిగా అనుకున్నాను. ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే నన్ను ఇంకా కంగారు పెట్టింది. పొద్దున్నే బియ్యం చేటలో పోసుకుని కిటికీ దగ్గర కూర్చునేది. ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవు అత్తయ్యా అంటే, "ఉండవులే, చూత్తే పోయిందేముంది" అనేది. గంటసేపు లేని రాళ్ళను ఏరేది. ఆవిడ ఊళ్ళో అంతా నల్లమట్టి నేల, తవ్వితే నీళ్ళే తప్ప రాయి తగలదట. రోలూ పొత్రమూ కూడా బళ్ళ మీద ఎక్కడినుంచో రావలసిందే. అందుకని రాయి సంగతి వస్తే మాత్రం నావైపు చూసేది.

ఆ సంగతి రానే వచ్చింది. పెళ్ళిలో సన్నికల్లు తొక్కించాలి. మసాలా నూరుకునే రాయి మీద పెళ్ళికూతురి కాలు పెట్టించి, ఈ రాయిలా స్థిరంగా ఉండమని మంత్రం చెప్తూ మెట్టెలు తొడుగుతారు. ఆక్లాండ్‌లో మా ఎరికలో ఎవరింట్లోనూ సన్నికల్లు లేదు, అందరివీ మిక్సీలే. అత్తయ్య మెట్టెలు తెచ్చింది, తలంబ్రాల ముత్యాలు తెచ్చింది, రాయి మాత్రం సూట్‌కేసు బరువుకు భయపడి తేలేదు. ఆంటీ పెరటి గోడలోంచి ఊడిన నల్లరాయి ఒకటి చూపించి, "ఇది పెట్టుకుందాంలే వొదినా, పసుపు పూస్తే ఏం కనపడ్తాది?" అంది. అత్తయ్య దాన్ని రెండు చేతులా ఎత్తి, అటూ ఇటూ తిప్పి, చిల్లుల్లో వేలు పెట్టి చూసి కిందపెట్టేసింది.

"పుచ్చిపోయిన పన్నులాగుంది. శుభమా అని పెళ్ళి చేత్తా దీనిమీదా కాలు పెట్టించేది?" అంది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు రాళ్ళ ఊరి పిల్లవి గదమ్మాయ్, నువ్వే చూడు. నువ్వు ఏది బాగుందంటే అదే" అంది.

అది నాకు ఆవిడ ఇచ్చిన మొదటి పెద్దరికం. నా కాలు నేల మీద నిలవలేదు.

ఆ శనివారం సురేంద్ర మమ్మల్నిద్దర్నీ డ్రైవ్ చేసుకుని తూర్పు వైపు చిన్న బీచ్‌కి తీసుకెళ్ళాడు. పోటు తగ్గి ఉంది. ఒడ్డున కొండచరియ చూసి నా ప్రాణం లేచి వచ్చింది. అడుగునుంచి పైదాకా దొంతర మీద దొంతర, అచ్చం మా ఊరి గనే. దాని కింద రాలిపడిన పలకలు తడిసి, నీలం కలిసిన బూడిదరంగులో మెరుస్తున్నాయి. పీట అంత వెడల్పు, బెత్తెడు మందం ఉన్నదాన్ని ఎంచాను. అంచు నున్నగా ఉంది, చిల్లు అన్నది లేదు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, నాయనలాగే వేలు మడిచి కొట్టి, చెవి పెట్టాను. హోరున గాలి. అలలు. ఖంగుమన్నదో బద్దుమన్నదో నాకేమీ వినపడలేదు. రెండోసారి కొట్టాను, అంతే. తల ఎత్తితే అత్తయ్య నా మొహంలోకి చూస్తోంది.

"మోగిందా?" అంది.

"మోగింది అత్తయ్యా, బాగా మోగింది" అన్నాను.

ఎందుకన్నానంటే ఏం చెప్పను. ఆ చూపు ముందు, వినపడలేదు అనే చిన్నమాట నోట్లోంచి రాలేదు. రాయిని తువ్వాల్లో చుట్టి కారు డిక్కీలో పెట్టుకుని వచ్చాం. వారంపాటు అది ఆంటీ గరాజ్‌లో ఆరింది. ఆరేకొద్దీ నీలం రంగు పోయి పాలిపోయింది. పెళ్ళికి రెండు రోజుల ముందు చూస్తే దానిమీద వెంట్రుకల్లాంటి గీతలు కనపడ్డాయి. నాపబండలకూ గీతలుంటాయి కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకుని పసుపు దట్టంగా పూసేశాను.

పెళ్ళి పాపకూరలో, ఒక చిన్న కమ్యూనిటీ హాల్లో. ఊరి పేరు వినగానే అత్తయ్య కూడా నవ్వింది, "పాపేంది, కూరేంది" అని. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని శని ఆదివారాలు పౌరోహిత్యం చేసే కుర్రాయన మంత్రాలు చక్కగానే చదివాడు. మంగళసూత్రం, తలంబ్రాలు అన్నీ సవ్యంగా అయ్యాయి. అప్పుడు రాయి తెచ్చి ముందు పెట్టారు. సురేంద్ర నా కుడికాలు ఎత్తి దానిమీద పెట్టాడు. మొదటి మెట్టె ఇట్టే ఎక్కింది. రెండోది బిగుతు. అతను గట్టిగా నెట్టాడు, నేను కాలు నొక్కిపట్టాను. టప్ మని చిన్న చప్పుడు. నా మడమ నేలకు తగిలింది. చూస్తే రాయి నిలువునా రెండు ముక్కలు, మధ్యలో నా కాలు, కాలివేలికి సగం ఎక్కిన మెట్టె.

పురోహితుడు మంత్రం మధ్యలో ఆగిపోయాడు. వెనక కుర్చీల్లో జనం లేచి తొంగి చూశారు. అంకుల్ చేతిలోని ఫోన్‌లోంచి మా నాయన గొంతు హాలంతా వినపడింది. "తల్లీ, అది యాడ రాయి? కొట్టి చూసినావా?"

"చూసినా నాయనా" అన్నాను.

"మోగిందా?"

నేను సగం ఎక్కిన మెట్టె వైపే చూశాను. అప్పుడు అత్తయ్య నా వెనకనుంచి, ఆవిడకు అలవాటులేని పెద్ద గొంతుతో అంది. "మోగింది అన్నయ్యగారూ. నేను పక్కనే ఉండా. నేనూ విన్నా."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ నావైపు చూడటం లేదు. ఆవిడ నిజంగా విన్నదా? నాకంటే నాలుగడుగుల దూరంలో, ఆ గాలిలో? లేక నేను అబద్ధమాడానని అప్పుడే తెలుసుకుని, నలుగురిలో పరువుకోసం కప్పిపుచ్చిందా? ఆ క్షణంలో ఆవిడ మీద ఎంత కృతజ్ఞత కలిగిందో అంత భయమూ వేసింది. ఆవిడ దగ్గర నా అబద్ధం ఒకటి భద్రంగా ఉండిపోయిందనుకున్నాను.

ఈ గోలకు హాలు చూసుకునే ముసలాయన, తెల్లగడ్డం కివీ మనిషి, లోపలికి వచ్చాడు. ఒంగి ఒక ముక్క తీసుకుని గోటితో గీశాడు. పొడి రాలింది. తల ఊపి, "పాపా. ఇట్స్ ఓన్లీ పాపా" అన్నాడు. అంకుల్ మొహం మాడిపోయింది. ఆయనకు పాపం అని వినపడిందట. అత్తయ్య మాత్రం చప్పున చేతులు జోడించింది.

"ఏవన్నాడు? పాపనా? ఆడపిల్ల పుడద్దంటన్నాడా?" అని సురేంద్రను అడిగింది.

ఆ ముసలాయన తను పెరిగిన పల్లెల్లో ఇట్లాంటి మెత్తటి మట్టిరాయిని పాపా అంటారనీ, సముద్రం అడుగున బురద పేరుకుని గట్టిపడినదనీ, తడిగా ఉన్నంతసేపే దాని బింకమనీ వివరంగా చెప్తూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. పాప అన్నమాట హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి పాకిపోయింది. ఆయనే బయటికి వెళ్ళి, పూలమొక్కల చుట్టూ పేర్చిన రాళ్ళలోంచి ఒకటి ఎత్తుకొచ్చి కడిగి నా ముందు పెట్టాడు. నల్లగా, చిల్లులు చిల్లులుగా, అత్తయ్య పుచ్చుపన్ను అన్న రాయే. అందరూ ఆవిడవైపు చూశారు. ఆవిడ దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, నా పాదాన్ని తన చేత్తో ఎత్తి దానిమీద పెట్టింది. చిల్లుల అంచులు అరికాలికి గుచ్చుకున్నాయి. రెండో మెట్టె ఎక్కింది. రాయి కదల్లేదు. ఈ రాయి తెచ్చింది పురోహితుడని సురేంద్ర ఇప్పటికీ అంటాడు. వీడియో తీసినాయన ఆ గందరగోళంలో కెమెరా దించేశాడు కాబట్టి మా వాదన తెగదు.

పెళ్ళి అయింది గానీ ఇంకా కాలేదు. ఇక్కడి చట్టం ప్రకారం పెళ్ళి జరిపించే ఆవిడ కాగితాలతో పక్కబల్ల దగ్గర కూర్చుని ఉంది. మేమిద్దరం, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఒక సాక్షి ఆంటీ, ఇంకొకరు అత్తయ్య అనుకున్నాం. చూస్తే అత్తయ్య లేదు. పగిలిన రెండు ముక్కలూ లేవు. కాగితాలావిడ మర్యాదగా గడియారం చూసుకుంటోంది. నా పక్కన ఆంటీ గొణిగింది, "ఏం కాదులేమ్మా, వస్తాది. రాకుంటే అంకుల్ పెడ్తాడు సంతకం." రాకుంటే అన్నమాట వినగానే నేను తలుపు వైపు చూశాను. ఇక ఆవిడ రాదనుకున్నాను. సంతకం ఎవరైనా పెట్టొచ్చు, ఆవిడ పెట్టకపోతే నేను ఆ ఇంట్లో ఎప్పటికీ పగిలిన రాయి తెచ్చిన పిల్లనే. ఎంతసేపయిందో తెలియదు. అత్తయ్య పక్కతలుపులోంచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుని, తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేసింది. కాగితం అంచున పసుపు వేలిముద్ర పడింది.

మర్నాడు ఆవిడే చెప్పింది. "ఆ ముక్కలు సముద్రంలో కలిపేయించా. ఇంక ఆ మాట ఎవురూ ఎత్తబాకండి." ఎవరూ ఎత్తలేదు. పదహార్రోజుల పండుగయ్యాక మా ఇద్దరి చేతుల కంకణాలు విప్పించి, చెట్టు మొదట్లో వేస్తానని తీసుకెళ్ళింది. తర్వాత తెనాలి వెళ్ళిపోయింది. మళ్ళీ రెండుసార్లు వచ్చి నెలల తరబడి మాతో ఉంది. పాప పుట్టినప్పుడు "తెల్లగడ్డం తాత ముందే చెప్పాడుగా" అని మురిసింది. నేను కాదని చెప్పలేదు. ఆ నల్లరాయిని ముసలాయన మాకే ఇచ్చేశాడు, ఇప్పటికీ మా వంటింట్లో అల్లం వెల్లుల్లి దంచేది దానిమీదే. అత్తయ్య దంచిన ప్రతిసారీ సణిగేది, "సగం ఎల్లుల్లి ఈ చిల్లులే తింటన్నయ్" అని. నాతో ఎప్పుడూ పరుషంగా మాట్లాడలేదు. కానీ ఆవిడ మౌనంగా బియ్యం ఏరుతుంటే, నా అబద్ధాన్ని అట్లా వేలి కొసలతో వెతుకుతున్నట్టు నాకు తోచేది. ఒక్కసారి అడిగి ఉండాల్సింది, ఆరోజు నిజంగా విన్నావా అత్తయ్యా అని. నాలుక చివరిదాకా వచ్చేది, వెనక్కి పోయేది.

ఈమధ్య పాప బడి పుస్తకంలో రాళ్ళ పాఠం వచ్చింది. నీటి అడుగున పేరుకున్నవి ఒక జాతి, నిప్పులోంచి వచ్చి చల్లారినవి ఒక జాతి. దాని పక్కన కూర్చుని చదివి నేను ఇంకా అయోమయంలో పడ్డాను. మా ఊరి నాపరాయీ పేరుకున్న రాయేనట. అంటే నా కాలికింద పగిలిన పాపా దానికి చుట్టమే. మూడు తరాలు నడిచినా అరగని బండా, ఒక్క కాలికి ఆగని ఈ మట్టిపెళ్ళా ఒకే ఇంటిపేరువి. పైకి అదే పొర, అదే నునుపు. తేడా చెప్పగలిగింది నాయన చెవి ఒక్కటే, ఆ చెవి నాకు లేదు. నేను వద్దనుకున్న చిల్లులది నిప్పులోంచి వచ్చింది, తెనాలికి బళ్ళ మీద వచ్చే గ్రానైటు రోళ్ళకు దూరపు బంధువు. అప్పట్లో నాకు అన్నీ తెలుసునని ఉండేది, రాయి సంగతీ మనుషుల సంగతీ. ఇప్పుడు ఇల్లుంది, ఉద్యోగముంది, జొన్నరొట్టె చేసినా అలారం మోగదు, కానీ ఎవరి మనసులో ఏముందో చెప్పమంటే నేను చెప్పలేను.

ఆదివారం అట్లా కూర్చుని కూర్చుని చివరికి మూట విప్పాను. రెండు ముక్కలూ ఇక ముక్కలుగా లేవు, పొరలు పొరలుగా విడిపోయి పొడైపోయాయి. ఆ పొడిలో చెయ్యి పెడితే దారం తగిలింది. బయటికి తీస్తే పసుపు కంకణాలు, ఒకటి నాది, ఒకటి సురేంద్రది. రెండూ కలిపి ముడేసి, గుండ్రంగా చుట్టలా ఉన్నాయి. ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. పగిలిన రెండు ముక్కల్నీ దగ్గరికి చేర్చి ఈ కంకణాలతో కట్టింది అత్తయ్య. ఒక ముడి కాదు, ఒకదాని మీద ఒకటి ఏడు ముళ్ళు, బియ్యంలో లేని రాళ్ళు ఏరే ఆ వేళ్ళతో వేసినవి. లోపల రాయి మట్టయిపోయి జారిపోయినా ముళ్ళు ఊడలేదు. అలమరలో పెట్టి, తాళం వేసినట్టు మూత బిగించి, ఇల్లు మారితే తనే మోసుకొచ్చి, సముద్రంలో వేశానని మాతో చెప్పి, మేం విడిపోకుండా ఉండాలని ఎన్నిసార్లు దండం పెట్టుకుందో.

సురేంద్ర పక్కన కూర్చుని ఏమైందని అడిగాడు. దారం అతని చేతిలో పెట్టాను. ఆరోజు ఆ హాల్లో భయపడింది నేనొక్కదాన్నే అనుకున్నాను అత్తయ్యా.